మూతకు తక్కువైన చెక్క

మూడో రోజు కూడా పరదేశి గారు కోడలి చేతి కాఫీ ముట్టలేదు.

తబితా గ్లాసు అరుగు మీద పెట్టింది. ఆయన చూశారు. చూసి, కండువా సర్దుకుని, కాయకోతలు అయిపోయిన మామిడితోట వైపు తిరిగి కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. కోపం వస్తే అరిచే అలవాటు లేదు. అరిచినా బాగుండేదని తబితాకు బుధవారం నుంచీ అనిపిస్తోంది.

బుధవారం పొద్దున ఆయన నిచ్చెన వేసుకుని అటక ఎక్కారు. ఏటా కోతలు ముగిశాక తాను దాచిన ఏడు చెక్కలనూ బయటికి తీసి, దుమ్ము తుడిచి, వేపనూనె పూసి మళ్ళీ భద్రంగా పెట్టడం ఆయన పద్ధతి. ఏడూ ఉన్నాయి. కానీ ఆరడుగుల చెక్క ఒకటి నాలుగున్నర అడుగులయింది.

అవి ఆయన పెట్టెకని దాచుకున్న చెక్కలు. ఆయన్ని సమాధిలోకి దించేటప్పుడు పడుకోబెట్టే పెట్టెకు. అడుక్కి రెండు, పక్కలకి రెండు, తలకీ కాళ్ళకీ కలిపి ఒకటి, మూతకి రెండు. తగ్గింది మూత చెక్క.

కోసింది తబితా. రంపం పడిన చోటు తాజాగా, గీత గీసినంత తిన్నగా ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి, "ఇంత శ్రద్ధగా కోశావా అమ్మా," అన్నారు. కోడలితో అదే ఆఖరి మాట.

ఇవాళ రెండో శనివారం. పంతులు ఉద్యోగం చేసే తబితా భర్త శ్యామ్ సుందర్‌కు బడి లేదు. అందుకని ఇంట్లో ముగ్గురూ ఉన్నారు, ముగ్గురిలో ఎవరూ మాట్లాడటం లేదు.

తొమ్మిదింటికి గేటు ముందు ఆటో ఆగింది. పరదేశి గారి కూతురు షాలోమి దిగింది. విస్సన్నపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి సెలవు పెట్టి వచ్చిందంటే ఊరికే రాలేదని తబితాకు తెలిసిపోయింది.

"ఏదీ ఆ వస్తువు?" చెప్పులు విప్పుతూనే అడిగింది షాలోమి. "మా నాన్న మూతని బల్లమీద పెట్టుకుని టకటకలాడిస్తున్నావంట కదా. నేనూ చూసిపోదామని వచ్చా."

"ముందు మంచినీళ్ళు తాగక్కా," అన్నాడు శ్యామ్ సుందర్.

"నీళ్ళెక్కడికీ పోవు. వడ్రంగి జోజిబాబుకి ఫోన్ చేశా, వస్తున్నాడు. ఆ చెక్క ఊడదీయించి, దాని చోట దాన్ని పెట్టించి కానీ నేను కదలను."

తబితా వంటింటి గుమ్మం పట్టుకుంది. "ఊడదీస్తే చెక్క రాదు వదినా. లోపలంతా తొలిచేశాను."

"తొలిచావా!"

ఆ ఒక్క మాటకు అరుగు మీద పరదేశి గారి భుజాలు కదిలాయి. తిరిగి చూడలేదు.

షాలోమి గొంతు తగ్గించింది. తగ్గిస్తే ఇంకా పదునుగా ఉంటుంది ఆమె గొంతు. "అమ్మ పోయినప్పుడు నువ్వూ ఉన్నావు కదా తబితా. ఆ గాలివానలో దొరికిందే చాలనుకుని తెచ్చిన అతుకుల పెట్టె, సమాధి దగ్గరికి పోయేసరికి అడుగు జారిపోతే, నలుగురు మగాళ్ళు కింద చేతులు పెట్టి పట్టుకున్నారు. ఆ రాత్రి పడిపోయిన అమ్మ పెంచిన మామిడిచెట్టునే నాన్న మిల్లుకి తోలించి కోయించుకున్నాడు. అతుకు లేని చెక్కలు, ఏడంటే ఏడు. ఏడేళ్ళ నుంచి పసిబిడ్డకి రాసినట్టు నూనె రాస్తున్నాడు. నీకేం కనిపించిందో దాంట్లో! అడక్కుండా తీసుకోవడమేంటి? మీ ఇంట్లో అలాగే పెంచారా?"

తబితా భర్త వైపు చూసింది. శ్యామ్ సుందర్ పేపరును మడత మీద మడత వేస్తున్నాడు. ఎంత చిన్నదయినా ఇంకో మడత వేస్తున్నాడు.

ఆమె చూపు తిప్పుకుంది.

తబితా ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. డాక్టర్లు మాటల్లో చెప్పిన రిపోర్టులు చెవిలో వింటూ టైపు చేయాలి. రోజుకు ఎనిమిది గంటలు. రెండేళ్ళ కిందట వేళ్ళ కణుపులు వాచి, గరిటె కూడా పట్టుకోలేకపోయినప్పుడు ఎవరో చెబితే కొంచెం మంచి కీబోర్డు తెప్పించుకుంది. ఒకరోజు దాన్ని శుభ్రం చేయడానికి విప్పింది. అంతే, ఆ లోకంలో పడిపోయింది. ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్చి ఉంటుంది. ప్రతి స్విచ్చిలో ఒక స్ప్రింగు. దేన్ని మార్చినా చప్పుడు మారుతుంది, వేలికి తగిలే తీరు మారుతుంది. తనకు కావలసిన చప్పుడు ఎక్కడా దొరక్క, తానే ఒక చెక్క కీబోర్డు చేసుకోవాలనుకుంది.

అప్పటినుంచీ నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటరు నడిపే సింధూర స్నేహితురాలే. అయినా, "ప్రతి షాపులో దొరికేదానికి ఎనిమిది నెలలా అక్కా!" అని పడీపడీ నవ్వింది. చర్చిలో ఆడవాళ్ళు, పిల్లల్లేని మనిషి కదా, ఏదో ఒక వ్యాపకం ఉండాలిలే, అని జాలిపడ్డారు. నవ్వే నయమనిపించింది తబితాకు.

పదింటికి జోజిబాబు మోపెడ్ వచ్చింది. వెనక సీటు మీద యలమంద గారు కూర్చుని ఉన్నారు. పక్క తోట ఆయనదే. పరదేశి గారితో కలిసి పలకా బలపం పట్టినవాడు.

"దారిలో ఎక్కించుకున్నా," అన్నాడు జోజిబాబు, పనిముట్ల సంచి దించుతూ. "రావద్దన్నా ఆగలేదు."

"ఎందుకాగుతా? బతికుండగా పెట్టెకి పంచాయితీ పెట్టుకున్నోణ్ణి ఈ చుట్టుపక్కల నేనెక్కడా చూళ్ళేదు." యలమంద గారు అరుగెక్కి స్నేహితుడి పక్కన కూలబడ్డారు. "ఏరా పరదేశీ, మూత పొట్టిదయితే ఏమైందిరా? కాళ్ళు ముడుచుకుని పడుకో."

పరదేశి గారు నవ్వలేదు. స్నేహితుడి జోకులకు ఆయన నవ్వకపోవడం డెబ్బై ఏళ్ళలో ఇదే మొదలేమో, యలమంద గారు గతుక్కుమని తానూ తోట వైపు తిరిగారు.

జోజిబాబు నాలుగున్నర అడుగుల చెక్కను కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు. "దీనికి పద్దెనిమిది అంగుళాల ముక్క అతికిస్తే సరిపోద్ది పెద్దాయనా. నా దగ్గర టేకుంది."

"వేరే చెక్క వద్దు," అన్నారు పరదేశి గారు.

"పోనీ, దీని తోడు చెక్కలోంచే..."

"అతుకే వద్దు జోజీ," అన్నారాయన, పోయిన భార్యను తలుచుకుని. "లేయాని దించినప్పుడు నేను చూశాను. అతుకు పెట్టె వద్దు."

"మరెలాగండీ?"

"అదే నాకూ తెలియడం లేదు." మూడు రోజుల్లో ఆయన నోట్లోంచి వచ్చిన పొడుగు మాటలు అవే. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "అడిగితే ఇచ్చేవాణ్ణి కాదు. అయినా అడగాలి కదా."

పేపరు చప్పుడు ఆగింది.

"తను అడిగింది నాన్నా," అన్నాడు శ్యామ్ సుందర్. "నన్నడిగింది. అటక మీద పాత చెక్కలున్నాయి, ఒకటి తీసుకోమన్నాను. మీవి పశువుల పాకలో ఉన్నాయనే అనుకున్నాను. పోయినేడు తుపానుకి పాక కురుస్తోందని మీరు ఇంట్లోకి మార్చిన సంగతి నాకు తెలీదు."

"బుధవారం నుంచీ ఈ మాట ఎక్కడ పెట్టుకున్నావురా?" అంది షాలోమి.

అతను పేపరు మడతలు విప్పసాగాడు. తబితా భర్త వైపు చూడలేదు. చూస్తే కళ్ళలో ఏదో ఒకటి కనిపించిపోతుంది. అది అతనొక్కడే చూడాల్సింది.

"ఆ వస్తువు తీసుకురామ్మా," అన్నాడు జోజిబాబు ఎటూ తోచక. "అసలు చెక్క ఎంత మిగిలిందో చూద్దాం."

తబితా గదిలోకి వెళ్ళి, పాత చీర ముక్కలో చుట్టిన కీబోర్డు తెచ్చి అరుగు మీద బల్లపై విప్పింది.

మూరకంటే తక్కువ పొడవు, జానెడు కూడా లేని వెడల్పు. అంచులు చేత్తో అరగదీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. మీటలు మీగడ రంగువి. చెక్క సగం తేనె రంగులో, సగం ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతోంది.

జోజిబాబు దాన్ని వెంటనే ఎత్తలేదు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత ఎత్తి, తిప్పి, కింద మరలు విప్పొచ్చా అని కళ్ళతోనే అడిగాడు. ఆమె తల ఊపింది. నాలుగు మరలు విప్పి, మీటల పలక పక్కన పెట్టి, ఖాళీ అయిన చెక్క లోపల వేలు పోనిచ్చి చుట్టూ తిప్పాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు.

"దీనికి జాయింటేదీ?"

"లేదన్నయ్యా. ఒకే చెక్క. ఉలితో తొలిచాను."

"మామిడి చెక్కనా? ఉలి పెడితే పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోద్దే! నాలుగు పక్కలా ఒకే మందం ఎట్టా వచ్చింది?"

"లేచిపోయాయి. పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కతో ఏడు చేసి పొయ్యిలో పెట్టాను. ఇది ఎనిమిదోది."

జోజిబాబు ముప్పై ఏళ్ళుగా మామిడిపళ్ళకీ మనుషులకీ పెట్టెలు చేస్తున్నవాడు. "నా పెట్టెలు ఎవరూ రెండోసారి చూడరు చెల్లెమ్మా," అన్నాడు. "అందుకని నేనూ చూడటం మానేశాను. లోపలి పక్క, ఎవరికీ కనపడని చోట, ఇంత నునుపు దేనికి చేశావు?"

"లోపల గరుకుంటే చప్పుడు మారుతుంది."

"చప్పుడా?" అంది షాలోమి.

"ఈ స్విచ్చులు అరవై ఎనిమిది వదినా. ఒక్కొక్కటీ విప్పి, సన్న బ్రష్షుతో లోపల గ్రీజు రాశాను. మూడుసార్లు."

"ఒకసారి చాలదా?"

"మొదటిసారి ఎక్కువైంది, మీట బద్ధకంగా లేచింది. రెండోసారి తక్కువైంది, స్ప్రింగు గీరుకుంది. మూడోసారికి కుదిరింది."

పసిపిల్లల చేతికి సూది గుచ్చేటప్పుడు నరం దొరికే వరకూ తాను ఎలా వెతుకుతుందో గుర్తొచ్చిందో ఏమో, షాలోమి చూపు తబితా వేళ్ళ మీదికి పోయింది.

"సరే, మోగించు. మేమూ వింటాం," అన్నారు యలమంద గారు. "ఇంత చేసి తలుపేసుకుని కొట్టుకుంటే ఎవడికి తెలుస్తుంది?"

తబితా మరలు బిగించి, లాప్‌టాప్ తెచ్చి వైరు కలిపింది. ఆమె గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఆ చప్పుడును గోడ అవతలి నుంచి విన్నారే కానీ, ఎదుట కూర్చుని వినలేదు.

ఏం కొట్టాలో తోచక, వేళ్ళకు అలవాటైన రిపోర్టు మొదటి వాక్యమే కొట్టింది.

రాలిన మామిడాకుల మీద పెద్ద చినుకులు పడ్డట్టుంది. గట్టిగా లేదు. లోతుగా, గుండ్రంగా, ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించి, వినిపించిన చోటే ఆగిపోయింది. ఆమె ఒక వాక్యం పూర్తి చేసేసరికి అరుగు మీద ఎవరూ కదలడం లేదు.

"ఇంకొంచెం," అన్నారు యలమంద గారు. జోకు వెయ్యలేదు.

రెండో వాక్యం కొడుతుండగా పరదేశి గారు తోట వైపు నుంచి ఇటు తిరిగారు. మెల్లగా లేచి వచ్చి, బల్ల ముందు నిలబడి, రెండు చేతులూ చాపారు. తబితా వైరు తీయకుండానే కీబోర్డును ఆ చేతుల్లో పెట్టింది. మూడు రోజుల తర్వాత ఆయన ఆమె చేతినుంచి తీసుకున్నది అదే.

ఆయన చూపు మందగించి రెండేళ్ళయింది. బొటనవేలితోనే చూశారు. వెనక అంచు, పక్క అంచు, మూల. ముందు అంచు దగ్గర, పొడుగు మీట కింద, రెండు రంగులూ కలిసే చోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈ గీత నువ్వు పెట్టావా అమ్మా?"

"లేదు మావయ్యగారూ. చిత్రిక పట్టి నూనె నలుపు పోగొట్టాక బయటపడింది. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అందుకే అది సరిగ్గా మధ్యకి వచ్చేలా పెట్టుకుని మిగతాదంతా కోశాను. లేకపోతే అంత ముక్క పట్టేది కాదు."

"యలమందా, ఇటు రారా."

యలమంద గారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని వంగారు. వంగి చాలాసేపు చూశారు. లేచేసరికి ఆయన ముఖంలో ఎగతాళి లేదు.

"అంటురా ఇది," అన్నారు. "కింద నాటు మొక్క. పైన చిన్నరసం. ఇదుగో, ఇక్కడ అతుక్కున్నాయి."

"ఎటు వాలిందో చూడు."

"ఎడమకి." యలమంద గారు గీత మీద గోరు పెట్టి తీసేశారు, ముట్టకూడనిది ముట్టినట్టు. "ఒరే! ఎడమచేతి కోతరా ఇది."

పరదేశి గారు కుర్చీలో కూర్చుండిపోయారు. కీబోర్డు బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. తర్వాత చెయ్యి తీసి, కోడలి ముందుకు జరిపారు.

"కొట్టమ్మా," అన్నారు. "నువ్వు కొడుతుంటే చెబుతాను."

ఆమె వేళ్ళు మీటల మీద పెట్టింది. కళ్ళు మాత్రం ఆయన ముఖం మీద పెట్టింది. ఉద్యోగంలో చెవిలో గొంతు వినడమే కానీ, చెప్పే మనిషిని చూస్తూ టైపు చేయడం ఆమెకు ఇదే మొదలు.

"మాకు పెళ్ళయిన ఏడది. మా నాన్న అంటుకట్టేవాడు. ఆడవాళ్ళు కట్టిన అంటు అతకదని అప్పట్లో గట్టి నమ్మకం. మావాళ్ళకీ ఉంది, యలమంద వాళ్ళకీ ఉంది. దేవుళ్ళు వేరైనా అది మటుకు ఒకటే. చాకు కూడా ముట్టనిచ్చేవాళ్ళు కాదు. ఒకరోజు మేము అంగడికి వెళ్ళొచ్చేసరికి లేయా మంచె ఎక్కి కూర్చుంది. నాటు మొక్క కుండీ కొమ్మ పక్కన పెట్టి, రెంటికీ కోతపెట్టి, అరటినారతో కట్టేసింది. ఆమెది ఎడమచేతి వాటం. అందరి కోతా కుడికి వాలితే ఆమెది ఎడమకి వాలింది. మా నాన్న చూసి, తిరగబడ్డ కోత, విప్పేయమన్నాడు."

చప్పుడు ఆయన మాట వెనకాలే నడుస్తోంది. మాట ఆగితే ఆగుతోంది. మాట కదిలితే కదులుతోంది.

"నేనూ విప్పేయమన్నాను."

తర్వాతి మాట కోసం తబితా వేళ్ళు గాలిలోనే ఉన్నాయి.

"విప్పలేదు. రోజూ సాయంత్రం చెంబుతో మంచె ఎక్కి నీళ్ళు పోసేది. నేను కింద నిలబడి నవ్వేవాణ్ణి. మూడు నెలలకి కొమ్మ కోసి దించితే అతికింది. నలభై ఎనిమిదేళ్ళు కాసిందమ్మా ఆ చెట్టు. ఆ కాయ అమ్మి ఈ పిల్లలిద్దర్నీ చదివించాం. బాగా అతికిందని ఒక్కసారీ ఆమెతో అనలేదు. కాస్తోంది కదా, అనేదేముంది అనుకున్నాను. లోపల ఎలా అతికిందో... ఏడేళ్ళు నూనె రాశాను. నా చేతికింద ఉంది. నాకు తెలియలేదు."

ఆఖరి మీట మోగి ఆగింది.

షాలోమి తమ్ముడి భుజం మీదుగా వంగి తెర మీద చదివింది. ఆయన ఎలా అన్నారో అలాగే ఉంది. దేవుళ్ళు వేరైనా, అన్నది ఉంది. నేనూ విప్పేయమన్నాను, అన్నది విడిగా ఒక వరుసలో ఉంది.

"నువ్వసలు కిందికే చూడలేదు కదా," అంది షాలోమి తబితాతో. "నేను నిన్నే చూస్తున్నా. ఒక్కసారి కూడా చేతులకేసి చూడలేదు." ఆమె పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నాన్న అమ్మ గురించి ఇంత మాట్లాడటం నేను పుట్టాక వినలేదు."

శ్యామ్ సుందర్ భార్య చేతుల వైపు చూస్తున్నాడు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఆ చేతులను అతను ఇవాళే చూస్తున్నట్టుంది.

యలమంద గారే ముందు తేరుకున్నారు. "అతుకు వద్దు, అతుకు వద్దని మూడు రోజుల్నుంచి ఉపవాసం చేస్తున్నావు కదరా. నీ చెట్టే అతుకు! ఇంకా ఏం మాట్లాడతావు?"

"నిజమేనండీ," అన్నాడు జోజిబాబు ఉత్సాహంగా. "ఇలా ఏటవాలుగా కోసి అతికిస్తే గుర్రాలు లాగినా ఊడదు. ఒప్పుకోండి."

పరదేశి గారి ముఖం మీద నవ్వో మరేదో వచ్చి నిలిచింది. "ఒప్పుకుంటాను. అతుకే పెట్టు జోజీ. అయితే వేరే చెక్క కాదు." ఆయన అరచెయ్యి మళ్ళీ కీబోర్డు మీదికి వచ్చింది. "ఇది. ఉన్నది ఉన్నట్టే మూతలో దిగేలా చోటు తియ్యి. సరిగ్గా నా తలపైన రావాలి. లేయా గీత నా మొహానికి ఎదురుగా ఉండాలి."

"అలాగే నాన్నా," అంది షాలోమి వెంటనే. "అలాగే పెడదాం."

"బ్రహ్మాండం," అన్నారు యలమంద గారు.

శ్యామ్ సుందర్ ఊపిరి వదిలాడు. మూడు రోజుల బరువు ఆ ఒక్క ఊపిరిలో దిగిపోయింది. "చూశావా," అన్నాడు తబితాతో, అంతా తానే చక్కబెట్టినట్టు. "నీ పని ఎక్కడికి చేరిందో. ఇంతకంటే గౌరవం ఏముంటుంది?"

జోజిబాబు అప్పుడే టేపు తీసి కీబోర్డు పొడవు కొలుస్తున్నాడు.

"ఆగు జోజీ," అన్నారు పరదేశి గారు. "చెక్క నాదే. పని నాది కాదు. అమ్మా తబితా, ఇది ఆజ్ఞ కాదు. అడుగుతున్నాను. ఇస్తావా?"

ఆ ఇంట్లో ఆమెను ఇంత మర్యాదగా ఎవరూ ఏదీ అడగలేదు. కాఫీ అయిందా అని అడిగారు, చొక్కా ఉతికావా అని అడిగారు. ఇవ్వడం నీ చేతిలో ఉంది అన్నట్టు అడగడం ఇదే మొదలు. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. కానీ జవాబు కోసం చూస్తున్నట్టు లేదు. ఆమె అలాగే అంటుందని తెలిసి, ఎలా అంటుందో చూస్తున్నట్టుంది.

తబితా ఆ గీత వైపు చూసింది. తేనె రంగూ గోధుమ రంగూ. ఇది ఎవరి చేతి గీతో ఇప్పుడు తెలిసింది. తెలిశాక అది ఇంకా ముచ్చటగా ఉంది. అదే కష్టంగా ఉంది.

కోప్పడితే ఒప్పుకునేదేమో. ఊడదీయమంటే ఏడ్చి ఊరుకునేదేమో. మనసారా అడిగిన మనిషికి మనసులో ఉన్నదే చెప్పాలి.

"ఇవ్వను మావయ్యగారూ," అంది.

జోజిబాబు చేతిలో టేపు చర్రున చుట్టుకుపోయింది.

"తబితా!" అన్నాడు శ్యామ్ సుందర్.

"మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీ చెక్క తీసుకోవడం తప్పు. దానికి ఏం చేయమన్నా చేస్తాను. కానీ ఇది మోగడానికి చేశాను. అరవై ఎనిమిది స్విచ్చులకి మూడేసిసార్లు గ్రీజు రాసింది ఇది మోగాలనే. మట్టికింద దీన్నెవరు మోగిస్తారు?"

"ఆయన చావు పెట్టె గురించి మాట్లాడుతున్నావు, తెలుస్తోందా నీకు?" షాలోమి లేచి నిలబడింది. ఇందాకటి తడి ఆమె కళ్ళలో ఇంకా ఆరలేదు, గొంతు మాత్రం పొద్దుటిదే. "కన్నతండ్రి లాంటివాడు నోరు తెరిచి అడిగితే..."

"నువ్వాగు షాలోమీ," అన్నారు పరదేశి గారు.

ఆయన కోడలి ముఖంలోకి చూస్తున్నారు. ఆ మందగించిన చూపుకు ఏం అందుతోందో ఎవరికీ తెలియదు. కోపం లేదు. ఒప్పుకోలూ లేదు. మంచె కింద నిలబడి పైకి చూస్తున్న మనిషిలా ఉన్నారు.

కీబోర్డు మీది నుంచి ఆయన చెయ్యి తియ్యలేదు.

రెండోవైపు పట్టుకున్న చేతులు తబితా కూడా తియ్యలేదు.